పీఠం వెనక పేరు

నంద్యాలలో ఒక విత్తనాల కొట్టు పైన, మెట్లెక్కగానే ఎడమవైపు గది నాది. బోర్డు మీద వెబ్‌సైట్లు చేస్తామని రాసి ఉంటుంది. అది చదివి జెరాక్సు కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ దిద్దమని ఒకాయన గంటసేపు బతిమాలి, దిద్దలేనంటే నాకు కంప్యూటరే రాదని తేల్చేసి వెళ్ళిపోయాడు. ఆరోజు నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ కనిపించడం లేదు.

నా చేతిలో పదకొండు సైట్లున్నాయి. కింద విత్తనాల కొట్టుది, ఒక కల్యాణ మండపానిది, అహోబిలంలో ఒక వసతి గృహానిది, ఇలాంటివి. ఒక్కోదానికి ఒక్కో మిషన్ పెట్టుకునేంత పెద్ద వ్యాపారం వీళ్ళలో ఎవరిదీ కాదు. అందుకని ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న ఒక్క మిషన్‌లోనే అందరినీ సర్దుతాను. పాత మిద్దె ఇంట్లో పదకొండు కుటుంబాలు అద్దెకు ఉన్నట్టు అనుకోండి. వీధి తలుపు ఒకటే, ఇంటి నంబరు ఒకటే. తలుపు కొట్టినవాళ్ళు ఏ పేరు అడుగుతున్నారో చూసి ఆ గదికి పంపాలి. ఏ పేరుకు ఏ గది అన్నది నేను రాసి పెడతాను, ఆ మిషన్‌లో ఉన్న సర్వర్ అది చదువుకుని పంపిస్తుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అడిగిన పేరు ఆ రాతల్లో లేకపోతే, అలాంటివాళ్ళు ఇక్కడ లేరని సర్వర్ చెప్పదు. వరుసలో మొదట ఎవరుంటే వాళ్ళ గదిలోకి మర్యాదగా తీసుకెళ్ళి కూర్చోబెడుతుంది. వచ్చినవాళ్ళకు తాము వేరే ఇంట్లో కూర్చున్నామని తెలియదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, నలుగురికి పాఠం చెప్పేంత తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత ఇదిగా రాసేదాన్ని కాదు.

ఆ పదకొండులో ఒకటి ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయనది. మూడేళ్ళ కిందట, ప్లాస్టిక్ కవరులో ఫోటోలు పెట్టుకుని బస్సులో నంద్యాల వచ్చాడు. అరవై దాటిన మనిషి, కనుబొమల్లో కూడా రాతి పొడి. నా కుర్చీలో కూర్చోకుండా కుర్చీని చేత్తో తట్టి చూశాడు. రాళ్ళను తట్టి, మోగే తీరును బట్టి మంచిచెడ్డలు చెప్పే అలవాటు, ప్లాస్టిక్ కుర్చీని కూడా వదల్లేదు.

ఫోటోలు బాగాలేవని నేనే ఆళ్ళగడ్డ వెళ్ళి తీసుకున్నాను. రోడ్డు పక్కన రేకుల కొట్టం, దాని ముందు సగం చెక్కిన నందులు, నిలబెట్టిన ద్వారపాలకులు. కొట్టం వెనక కొన్ని విగ్రహాలు బోర్లా పడి ఉన్నాయి. అవేంటని అడిగాను.

"లోపమున్నెవి పాపా," అన్నాడు. "యాడన్నా ఇంత సన్న గీత పడినా ఇయ్యం. కొనేటోనికి మనమే చెప్పాల. చెప్పి బోర్లా ఏస్తాం. ఇంగ దాన్ని లేపేది లేదు."

"దేవుణ్ణి అట్ల మట్టిలో బోర్లా ఎయ్యొచ్చా?"

"దానికే ముందు కండ్లు తీసేస్తాం. కండ్లుండంగ ఎయ్యగూడదు. మా నాయన చెప్పిన పద్ధతి."

ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. వెలుతురు పోతుందని తొందరపడుతున్నాను.

సైటు తయారయ్యాక ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. సైటు పేరును ప్రతి విగ్రహం పీఠం వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కుతానన్నాడు. ఫోన్ నంబరు కూడా చెక్కమన్నాను. "నంబర్లు మారతాయి పాపా, పేరు మారదు," అని కొట్టిపారేశాడు. నేను కాగితం మీద రాసిచ్చిన పేరు ముందు మూడు డబ్ల్యూలు చూసి మాత్రం మొహం ముడుచుకున్నాడు. ఒక్కో డబ్ల్యూకు నాలుగు గీతలు, మూడింటికి పన్నెండు. నల్లరాతి మీద పన్నెండు వాలు గీతలంటే పూటంతా అక్కడే పోతుందని సణిగాడు.

"అవి అక్కర్లేదు పెద్దాయనా," అన్నాను, ఏదో వరమిస్తున్నట్టు. "అవి లేకపోయినా నీ పేజీనే వస్తాది."

"రాయి మీద చెక్కినాంక మార్చేకి కాదు. ఖాయమేనా?"

"ఖాయం."

అంత ఖాయంగా నా పెళ్ళి చూపుల్లో కూడా మాట చెప్పలేదు. ఆయన కాగితం మీద ఆ మూడు అక్షరాలనూ గోటితో గీరేసి, మిగిలింది మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళలో చేసిన ప్రతి విగ్రహం వెనకా ఆ పేరు చెక్కాడు. ఫలానా ఊళ్ళో విగ్రహం చూసి ఫోన్ చేశారని నాకు చెప్పి మురిసిపోయేవాడు.

అదే రోడ్డులో ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు వేరే కొట్టం పెట్టుకున్నాడు. కోసే మిషన్లు, గ్రైండర్లు, నలుగురు మనుషులు. గురువును చూసి అతనూ నా దగ్గర సైటు చేయించుకున్నాడు. మంచివాడే, అది మొదటే చెప్పాలి. అతని సైటు పేరు ఇంగ్లీషు ఏతో మొదలవుతుంది. ఈ కథలో అతని పాత్ర అంతే.

కిందటి ఏడాది పాత మిషన్ ఇరుకైపోయి, పదకొండింటినీ కొత్తదానిలోకి మార్చాను. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల వరుసలో మళ్ళీ మొదటినుంచి రాశాను. పెద్దాయన పేరు మూడు డబ్ల్యూలతో రాశాను. సర్వర్ లెక్కలో అవి లేనిది వేరే పేరు, అది రాయడం మరిచిపోయాను. అంతే. వరుసలో మొదట ఉన్నది శిష్యుడి సైటు కాబట్టి, రాతి మీది పేరు కొట్టినవాళ్ళందరూ నేరుగా అక్కడికే వెళ్ళారు. పోనీ బ్రౌజరైనా ఇది వేరే చోటని హెచ్చరించేది. అదీ లేకుండా పోయింది. ఈ పేరు అసలుదేనని బ్రౌజరుకు చూపించే సర్టిఫికెట్ అన్ని పేర్లకూ కలిపి ఒకటే తీసుకున్నప్పుడు మాత్రం ఆ పేరు శ్రద్ధగా చేర్చాను. కాబట్టి తాళం గుర్తు పడుతూ, దర్జాగా తప్పు ఇల్లు తెరుచుకుంది.

మార్చిన రోజు నేను పరీక్ష చేయలేదా? చేశాను. నా బ్రౌజరులో దాచుకున్న లింకులు ఒక్కొక్కటీ నొక్కి, పదకొండూ తెరుచుకున్నాయని టీ తెప్పించుకున్నాను. ఆ లింకులన్నీ మూడు డబ్ల్యూలవే. రాతి మీద ఏముందో ఆరోజు నాకు గుర్తే లేదు. పెద్దాయనది మీటల ఫోను, ఆయన ఎన్నడూ తన సైటు తెరిచి చూసుకోడు. నా మాటే ఆయనకు సాక్ష్యం.

పది నెలలు అలా గడిచాయి. ఆ మధ్యలో శిష్యుడు రెండుసార్లు ఫోన్ చేసి, "నీ సైటు పుణ్యమా అని ఫోన్లు ఆగల్యాదక్కా," అన్నాడు. నేను పొంగిపోయాను. కల్యాణ మండపం వాళ్ళకు ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను కూడా. పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్లు రావడం లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పెద్దవాడు కదా, పనిలో ఉంటాడులే అనుకున్నాను. మనల్ని మెచ్చుకునేవాళ్ళ గొంతే మన చెవికి బాగా వినబడుతుంది.

కొత్త ఫోటోలు కావాలని శిష్యుడు పిలిస్తే ఒక ఉదయం బస్సెక్కాను. శిరివెళ్ళ దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కునుకు కూడా తీశాను. శిష్యుడి కొట్టంలో అడుగుపెడితే, ఒక మూల గొంతుక్కూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ ఒక నందిని సానరాయితో రుద్దుతున్నాడు పెద్దాయన. నునుపు చేసే పని కొత్తగా చేరినవాళ్ళది. ఉలి ఇంకా చేతికివ్వనివాళ్ళది.

"ఏంది పెద్దాయనా, ఈడుండావ్?"

"ఫోన్లు రాలేదు పాపా. ఖాళీగా కుచ్చోని ఏం చేసేది? చెయ్యి మొద్దుబారిపాయె. ఈడ రుద్దుకుంటా ఉండా."

నవ్వుతూనే అన్నాడు. శిష్యుడు నన్ను పక్కకు పిలిచి, గురువుగారు కూలి పనికి వస్తానంటే కాదనలేకపోయానని, కనీసం కళ్ళన్నా చెక్కమని ఎంత బతిమాలినా ఉలి ముట్టడం లేదని చెప్పి బాధపడ్డాడు. అప్పుడే నందికొట్కూరు నుంచి ఒకాయన వచ్చాడు. తమ ఊరి పక్క గుడి ముందున్న ద్వారపాలకుడి వెనక పేరు చూశానని, ఫోన్లో కొడితే ఈ కొట్టం ఫోటో, నంబరు వచ్చాయని, అలాంటివే రెండు కావాలని అన్నాడు.

"అది మా గురువుగారి పనప్పా," అన్నాడు శిష్యుడు. నావైపు తిరిగి, "ఇప్పుడు ఆ పేరు కొడితే మన పేజీ వస్తాంది. గురువుగారు మానేసినాడని నువ్వే కలిపినావ్ గదక్కా?" అని అడిగాడు.

ఫోను తీసి, రాతి మీది పేరు రాతి మీద ఉన్నట్టే కొట్టాను. శిష్యుడి ఫోటో నవ్వుతూ తెరుచుకుంది. ఏం జరిగిందో ఆ క్షణంలోనే మొత్తం అర్థమైంది, మిషన్ ముందు కూర్చోవలసిన పని కూడా లేకుండా. కాదు, నేను కలపలేదు, మరిచిపోయానని ఆ కొట్టంలోనే, ఆ మనిషి ముందే చెప్పవలసింది. నేను తలూపాను. అవునన్నట్టే ఊపాను. గ్రైండరు చప్పుడులో పెద్దాయనకు మా మాటలేవీ వినబడలేదు, ఆయన నంది మూపురం మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు.

తిరుగు బస్సులో కునుకు రాలేదు. గదికి చేరి, ఫైలు తెరిచి, పెద్దాయన పేరు పక్కన ఆ రెండో పేరు చేర్చి, సర్వర్‌చేత మళ్ళీ చదివించాను. నాలుగు నిమిషాల పని. వరుసలో మొదట ఎవరి సైటూ కాకుండా, ఈ పేరు ఇక్కడ లేదని చెప్పే ఖాళీ పేజీ ఒకటి పెట్టాను. మొదటినుంచీ చేయవలసిన పని అది. రాతి మీది పేరు కొడితే ఇప్పుడు పెద్దాయన పేజీ వచ్చింది. అయిపోయింది కదా, ఇక ఫోన్లు వాటంతట అవే వస్తాయి, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా కూడా అనిపించింది. అందుకే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

రెండు నెలల తర్వాత ఆయనే నంద్యాల వచ్చాడు. సంచిలోంచి నల్లరాతి కల్వం ఒకటి తీసి నా కీబోర్డు పక్కన పెట్టాడు. మందు నూరుకునేందుకో, యాలకులు దంచుకునేందుకో పనికొచ్చేంత చిన్నది, అంచులు చెయ్యి పెడితే జారిపోయేంత నునుపుగా ఉన్నాయి.

"మళ్ళా ఫోన్లు వస్తాండాయి పాపా. అహోబిలం సామి చూసినాడు. నీ సైటు మంచిదే, నేనే అనుమానపడితి."

కింద విత్తనాల కొట్టువాళ్ళు ఎవరినో కేకేస్తున్నారు. నేను కిటికీలోంచి అటు చూశాను. తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది?

"అయితే కొట్టం తెరిచినావా?" అని మాత్రం అడిగాను.

"యాడ తెరిచేది? వచ్చినోళ్ళనంతా శిష్యుని కాడికి పంపిస్తాండా."

"ఏమప్పా, నువ్వే చెయ్యొచ్చు గదా!"

"నాకు కన్ను పోయింది పాపా." చత్వారం సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు. "పది నెల్లు ఒక్క మనిషి రాలేదంటే ఊరికే రాకుండా ఉంటారా? పనిలో జీవం పోతే జనం నోటితో చెప్పరు. కాళ్ళతో చెప్తారు, రాకుండా. ఇప్పుడు వచ్చేటోళ్ళు పాత పని చూసి వచ్చేటోళ్ళు. వాళ్ళ దుడ్లు తీసుకోని నేను చచ్చిన కండ్లు చెక్కియ్యాల్నా?"

నేను చేసినదేమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది. మిషన్‌లో దిద్దిన తప్పు మనిషిలో అలాగే ఉండిపోయింది. నోరు విప్పితే ఆయన మళ్ళీ ఉలి పట్టవచ్చు. విప్పకపోతే ఇంక పట్టడు. ఇంత తెలిసి కూడా ఆరోజు చెప్పలేదు. బస్సుకు టైమవుతోందని ఆయన లేస్తే, మెట్లదాకా వెళ్ళి, జాగ్రత్తగా దిగమని చెప్పి వచ్చాను. నాకు భయమేసింది. మిగతా పదిమందికీ తెలిస్తే ఏమనుకుంటారని, ఖాయమన్న నోటితో ఏమని చెప్పాలని. నన్ను నేను సమర్థించుకోవడానికి తిలా పాపం తలా పిడికెడు అని పంచి చూశాను. ఆయన ఫోన్ నంబరు చెక్కనన్నాడు, శిష్యుడు ఒక్క మాట అడగలేదు, కొన్నవాళ్ళు పేజీ మీద పేరు సరిగా చదవలేదు. ఎంత పంచినా ఎవరి చేతిలోనూ పిడికెడు పడలేదు. తిరిగి తిరిగి అంతా నా దగ్గరికే వచ్చింది.

ఆ కల్వం వారం రోజులు కీబోర్డు పక్కనే ఉంది. డ్రాయరులో పెట్టాను, మళ్ళీ తీశాను. ఇంటికి తీసుకెళ్తే ఎవరిచ్చారని అడుగుతారు. ఎనిమిదో రోజు దాన్ని సంచిలో వేసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. తిరిగి ఇవ్వడానికా, ఏమో, ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలియదు.

ఆయన తన కొట్టం దగ్గరే ఉన్నాడు. ఆరోజు శిష్యుడి దగ్గర పని లేదట. మూసిన తడికె ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ ఏదో మాట్లాడి వెళ్ళిపోతానని భయం.

"పెద్దాయనా, పది నెలలు నీకు ఫోన్లు రాకపోయింది నా వల్ల," అన్నాను. పదకొండు కుటుంబాల మిద్దె ఇల్లు, ఒకటే తలుపు, పేర్ల పట్టీ, అన్నీ చెప్పాను. ఆయన పేరు రాయకుండా మరిచిపోయానని, రాళ్ళ వెనక పేరు చూసి వచ్చినవాళ్ళందరినీ ఆ ఇల్లు శిష్యుడి గదికి పంపిందని చెప్పాను. రెండు నెలల కిందటే తెలిసి, దిద్ది, దాచానని కూడా చెప్పాను. "నీ పనిలో ఏ లోపమూ లేదు. జనం వచ్చినారు. నీ కోసరమే వచ్చినారు. నేను వేరే తలుపు తెరిచినా."

రోడ్డు మీద అహోబిలం పోయే జీపు ఒకటి ఆగి, ఎవరినో ఎక్కించుకుని పోయింది. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. మా అమ్మయితే ఈపాటికి వీధి వీధంతా వినేలా నా ఏడు తరాలనూ లేపేది.

"శిష్యునికి తెల్సా?"

"తెలీదు. నువ్వు మానేసినావని నేను కలిపినా అనుకున్న్యాడు. నేను కాదనలే."

"వాన్నేం అనొద్దు."

"లేదు."

"దుడ్లు పోతే పోయె పాపా," అన్నాడు. "నేను నా చేతిని తిట్టుకున్న్యా. పది నెల్లు, పొద్దున లేస్తానే."

నేను ఏడ్చాను. ఏడ్చే హక్కు నాది కాదని తెలుసు, అయినా ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. లేచి తడికె తీసి, గోడకు ఆనించిన గడ్డపార అందుకుని, వెనక్కి రమ్మన్నాడు.

కొట్టం వెనక, పాత బోర్లా విగ్రహాల పక్కన, కొత్తది ఒకటి ఉంది. రెండున్నర అడుగులుంటుంది. దాని మీద దుమ్ము ఇంకా పాతవాటిలా పేరుకోలేదు. ఎవరూ చెయ్యమనకపోయినా, ఫోన్లు లేని రోజుల్లో చెంచులక్ష్మిని చేశానని చెప్పాడు. రోడ్డు మీదికి కనిపించేలా కొట్టం ముందు రెండు నెలలు నిలబెట్టాడట. పోయేవాళ్ళు పోయారు గానీ ఎవరూ ఆగలేదట. తనే రోజూ దాని ఎదుట కూర్చుని చూసి చూసి, ఒక రోజుకు ఆ కళ్ళలో ఏమీ లేదనిపించిందట. మిగతాది ఆయన చెప్పనక్కర్లేదు. మూడేళ్ళ కిందట విన్న పద్ధతి ఇప్పుడు గుర్తొచ్చింది.

బోర్లా వేసినదాన్ని ఇంక లేపేది లేదన్న మనిషి, గడ్డపార కిందికి దూర్చి, ఆ కొస పట్టమన్నాడు. ఇద్దరం కలిసి ఎత్తి, గోడకు ఆనించాం. ఆయన భుజం మీది తువ్వాలతో మట్టి తుడిచాడు. విల్లు పట్టిన చెయ్యి, కొప్పులో ఆకులు, పెదవుల చివర అప్పుడే మొదలైన నవ్వు. అలాంటి నవ్వు నేను ఆయన పాత ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ చూడలేదు. కళ్ళుండవలసిన చోట రెండు గరుకు గుంటలు, ఉలి దెబ్బలు తెల్లగా, ఇంకా కొత్తగా ఉన్నాయి.

"ఉలి పడతావా పెద్దాయనా?" అని అడిగాను.

"పడతాలే. అదే గదా నా పని," అన్నాడు, నా వైపు చూడకుండా. బొటనవేలు ఆ గుంటల్లో ఒకదాని అంచు వెంబడి తిప్పాడు, తర్వాత రెండోదాని వెంబడి. విగ్రహం నుంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు.

"బాగనే చేసింటి గదా పాపా?"